మూడు కాడలు, ఎర్ర రిబ్బను

మూడేండ్లసంది రొట్టె పళ్ళెం యాదవ్వ నెత్తి మీదికెల్లి దాటిపోతనే ఉన్నది.

సిద్దిపేటల కరీంనగర్ రోడ్డుకు రెండు గల్లీలు లోపలికి పోతే ఒక చర్చి ఉంటది. నెలల మొదటి ఆదివారం ఆడ ప్రభువు బల్ల పెడ్తరు. తెల్లగుడ్డ పరిచి రొట్టె, ద్రాక్షరసం పెట్టి పాస్టరు ప్రార్థన చేస్తడు. సంఘపెద్ద పళ్ళెం పట్టుకొని వరుస వరుసకు తిరుగుతడు. తలా ఒక ముక్క తీసుకుంటరు. యాదవ్వ కాడికి వచ్చేసరికి ఆ పళ్ళెం జానెడు పైకి లేస్తది, ఆమెను దాటి పక్కామె ముంగట దిగుతది. యాదవ్వ అప్పుడు తన చేతులు చూసుకుంటది. డెబ్బై ఆరేండ్ల చేతులు. పొద్దున సబ్బు పెట్టి గోర్లు గూడ తోమి తెచ్చిన చేతులు.

ఎనక వరుసల కూసున్న కొడుకు దేవరాజుకు ఆ జానెడు కనవడ్డప్పుడల్లా పండ్లు పటపట కొరుక్కోవాలనిపిస్తది. మూడేండ్లంటె ముప్పై ఆరు నెలలు. ముప్పై ఆరుసార్లు కొరుక్కున్నడు.

కారణం ఒక చెట్టు. ఇంటి ముంగట నీలం పెయింటు డబ్బాల ఉన్న తులసి చెట్టు.

దాన్ని పెట్టింది దేవరాజు బాపు పోచయ్య. ముప్పై ఏండ్లు భివండిల మరమగ్గాల నడుమ దూది మింగి, దగ్గు ఒక్కటే సంపాదించుకొని ఇంటికొచ్చిన మనిషి. దవాఖానలు తిరిగి తిరిగి యాష్టకొచ్చినంక ఎవలో చెప్తే తులసాకుల కషాయం తాగుడు మొదలువెట్టిండు. ఆఖరి రెండేండ్లు ఆ కషాయం మీదనే రాత్రులు నిద్రపోయిండు. ఆ రోజులల్లనే కృపాకర్ పాస్టరు ఇంటికొచ్చి ప్రార్థన చేసుడు, ఇంటిల్లిపాది బాప్తీస్మం తీసుకునుడు అయినయి. అప్పుడు సంఘం అంటె పదకొండు మంది. పాస్టరు వచ్చినప్పుడల్లా ఆ తులసి డబ్బా పక్కననే నిలవడి కాళ్ళు కడుక్కుంటుండె. ఆయనకు చెట్టు కండ్లవడలే. సంఘం రెండు వందలయినంక కండ్లవడ్డది.

"యాదవ్వా, గిది ఇంటి ముంగట ఉన్నన్ని రోజులు నువ్వు బల్లల చెయ్యెయ్యొద్దు. చూసెటోళ్ళు ఏమనుకుంటరు" అన్నడు.

"పూజకు కాదయ్యా. దగ్గుకు" అన్నది యాదవ్వ.

"దగ్గుకు మందులు లేవా దుకాణంల?"

యాదవ్వ ఎదురు చెప్పలే. చెట్టూ తీయలే. బాప్తీస్మం అయిన దినంసంది ఆమె దానికి దీపం పెట్టలే, చుట్టూ తిరుగలే, బొట్టు పెట్టలే. నీళ్ళు పోసేది, వాడకట్టుల ఎవలకు దగ్గొచ్చినా నాలుగాకులు తెంపిచ్చేది. అంతే. ఆ ఇంట్ల పోచయ్య చేతిది మిగిలింది అదొక్కటే.

దేవరాజు ఆరో తరగతిల బడి ఇడిసిపెట్టినోడు. తండ్రి ఎంబడి భివండి పోయి, పదిహేనేండ్లు మగ్గం తోలి, తండ్రికొచ్చిన దగ్గు తనకు రాకముందే తిరిగొచ్చిండు. ఇప్పుడు నలభై తొమ్మిదేండ్లు. రోడ్డు మీద ఒక నర్సరీల పని. ఓనరు పట్నంల ఉంటడు, నెలకోసారి వస్తడు. మొక్కలకు నీళ్ళు వెట్టుడు, కలుపు తీసుడు, అమ్ముడు అన్నీ దేవరాజే. అన్నింట్ల ఎక్కువ పోయేది లక్కీ బ్యాంబూ. అది వెదురు కాదు, వెదురుకు చుట్టం గూడ కాదు. ఏదో దేశం చెట్టు కాడలు, కడియం దిక్కునుంచి కట్టలు కట్టలు వస్తయి. గాజు గిన్నెల గులకరాళ్ళు పోసి, నీళ్ళు పోసి, కాడలు నిలవెట్టి, రాగితీగతోని బిగించి, పైన ఎర్ర రిబ్బను చుడ్తె లక్కు అయితది.

అమ్ముడంటె కాడలు అమ్ముడు కాదు, మాట అమ్ముడు. గృహప్రవేశమని వచ్చినోళ్ళకు మూడు కాడలు బ్రహ్మ విష్ణు మహేశ్వరులు. దుకాణం ఓపెనింగు అంటె ఐదు కాడలు, ఐదు దిక్కులకెల్లి గిరాకి వస్తదని చెప్పుడు. ఐదో దిక్కు ఏదని ఇంతవరకు ఎవ్వలు అడుగలే.

మూడు వారాల కింద ఒక తెల్ల కారు ఆగింది. స్వరాజ్యం మేడం దిగింది. పెనిమిటికి కొండపాక దిక్కు వెంచర్లు. ఆమె ఏదో జబ్బుకు ప్రార్థన చేయించుకొని, తక్కువయిందని నాలుగు నెలలసంది చర్చికి వస్తుంది. చర్చికి కొత్త హాలు కట్టుడుల ఆమె చెయ్యి పెద్దది. నాలుగు నెలలు ఒక్క కప్పు కింద కూసున్నా దేవరాజు ముఖం ఆమెకు గుర్తువట్టలే. ఆమె ముంగటి వరుస, ఈయన ఎనక వరుస.

"మా చర్చిల కొత్త హాలుకు ఏదన్న మొక్క ఇయ్యాలె. శుభంగుండాలె. కని చర్చికి ఒప్పాలె" అన్నది.

దేవరాజుకు ఆ "మా చర్చి" అన్న మాట కాడనే నవ్వొచ్చింది. నవ్వు మింగి మూడు కాడల గిన్నె తీసిండు.

"గిది తీస్కోండ్రి మేడం. మూడు కాడలు, తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ. ఎర్ర రిబ్బను యేసయ్య రక్తం గుర్తు. మన్ను లేకుంట ఒట్టి నీళ్ళల్ల బతుకుతది, అంటె బాప్తీస్మం. లోకంల వేరు వెట్టదన్నట్టు."

"అబ్బ. గింత అర్థమున్నదా దీనికి? నీకెవలు చెప్పిన్రు?"

"అంటుంటరు మేడం."

ఆమె గిన్నెను పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకొని కార్ల పెట్టుకున్నది. దేవరాజు పైపు పట్టుకొని మళ్ళ నీళ్ళు వెట్టుకున్నడు. తను చెప్పిన మాట పొద్దుగూకేసరికి తనే మర్చిపోయిండు.

ఇగ ఈ నెల మొదటి ఆదివారం. కొత్త హాలుల మొదటి బల్ల.

ఆదివారం దేవరాజు తెల్లారకముందే నర్సరీకి పోతడు. నీళ్ళు వెట్టి, బట్టలు మార్చుకొని, ఇంటికి రాకుంట సీదా చర్చికి వస్తడు. భార్య బాలమణి అత్తను ఆటోల ఎక్కించుకొని వస్తది. ఆ దినం ఆయన వచ్చేసరికి పాటలు అయిపోయినయి. ఎప్పటి తీర్గ ఎనక కూసున్నడు. పక్కన అవ్వ లేదు. చూస్తే రెండో వరుసల బాలమణి పక్కన, ఫ్యాను కింద కూసున్నది. ఒళ్ళె బట్టసంచి ఉన్నది. కొత్త హాలు గద, గాలికి కూసోవెట్టినట్టున్నది అనుకున్నడు.

తరువాత బల్ల దిక్కు చూసిండు. రొట్టె పళ్ళేనికి, ద్రాక్షరసం గిన్నెకు నడుమ, తెల్లగుడ్డ మీద, మూడు కాడలు. ఎర్ర రిబ్బను. ఎనకకు రెండు చుట్లు తిప్పి మెలివెట్టిన రాగితీగ. కాలిపోయిన మోటరుకెల్లి తీసిన తీగ అది, దేవరాజు తన చేతితోని మెలివెట్టింది.

కృపాకర్ పాస్టరు గొంతు సవరించుకున్నడు. నెలదినాలసంది ఆయనకు దగ్గు. ప్రతి నాలుగు మాటలకు ఆగుతుండు.

"ప్రియులారా, ఈ మొక్కను చూడండి. లోకం దీనిని అదృష్టపు మొక్క అంటుంది. మనకు అదృష్టం లేదు, ఆశీర్వాదం ఉంది. ఎన్ని కాడలు? మూడు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ. ఈ ఎరుపు ఏమిటి? రక్తం. ఇది మట్టిలో వేరు పెట్టదు, నీళ్ళలో బతుకుతుంది. విశ్వాసి కూడా అంతే, లోకంలో వేరు పెట్టడు."

జనం స్తోత్రం అన్నరు. స్వరాజ్యం మేడం తల వంచుకొని ముసిముసి నవ్వుతుంది.

దేవరాజు ముఖంల నెత్తురు గిర్రున తిరిగింది. ఎండల నిలవడి, చేతిల పైపు పట్టుకొని, అమ్ముకుందామని అల్లిన మాట మైకుల వినవడుతుంది. దానికి రెండు వందల మంది స్తోత్రం అంటున్నరు. రిబ్బను కట్టుకొని కార్ల వచ్చిన చెట్టు బల్లెక్కి కూసున్నది. పెయింటు డబ్బాల మొలిచిన చెట్టేమో మూడేండ్లసంది అవ్వ నోటికాడి ముక్క గుంజుకుంటుంది. ఇప్పుడు మళ్ళ పళ్ళెం లేస్తది. మళ్ళ జానెడు పైకి లేస్తది.

ప్రార్థన అయింది. సంఘపెద్ద పళ్ళెం అందుకున్నడు. మొదటి వరుస అయింది. రెండో వరుస మొదట్ల నిలవడ్డడు.

దేవరాజు లేసి నిలవడ్డడు.

"అయ్యగారూ, గా మూడు కాడల ముచ్చట మీకెవలు చెప్పిన్రు?"

పాస్టరు కండ్లు తెరిచిండు. "దేవరాజూ, బల్ల నడుస్తుంది. కూసో."

"స్వరాజ్యం మేడం చెప్పింది. మేడంకు నేను చెప్పిన. నాకు ఎవ్వలు చెప్పలే, అమ్మనీకి అప్పటికప్పుడు అల్లిన. ఆ తెల్లారే ఒగాయన కొత్తిల్లు సొచ్చుడుకు గసొంటిదే కొన్నడు. ఆయనకు బ్రహ్మ విష్ణు మహేశ్వరులని అమ్మిన. గదే కట్టలది. గదే రిబ్బను."

ఎనక ఎవలో కిసుక్కుమన్నరు. స్వరాజ్యం మేడం తిరిగి చూసింది.

"నువ్వు నర్సరీల ఉండెటాయినవు గద?"

"ఔ మేడం. మీ ఎనక ఆరో వరుసల కూసునెటోన్ని గూడ."

"దేవరాజూ" అన్నడు పాస్టరు. గొంతు పెరిగింది, దగ్గు అడ్డమొచ్చింది. "బయటికి పోయి మాట్లాడుకుందాం."

"మూడేండ్లు బయటనే మాట్లాడిన అయ్యగారూ. మా అవ్వ ఇంటి ముంగట తులసి ఉంటె పాపమయింది. గిది బల్ల మీద ఉంటె వాక్యమయింది. మా అవ్వకు కారు లేదు, గందుకేనా? లేకపోతె రిబ్బను కట్టలేదనా? చెప్తె గజం రిబ్బను నేను తెస్తుంటి."

కృపాకర్ పాస్టరు బల్ల రెండు కొసలు పట్టుకొని నిలవడ్డడు. ఆయన చెవులు ఎర్రగయినయి.

"మనసుల కోపం పెట్టుకొని ఎవ్వరు బల్ల ముట్టొద్దు. నాకు గూడ కోపమొచ్చింది. ఇయ్యాల బల్ల లేదు" అన్నడు. సంఘపెద్ద చేతులకెల్లి పళ్ళెం తీసుకొని బల్ల మీద పెట్టి, తెల్లగుడ్డ కప్పిండు.

అప్పుడు కనవడ్డది దేవరాజుకు. రెండో వరుసల అవ్వ కుడిచెయ్యి చాపి ఉన్నది. అరచెయ్యి మీదికి. గుడ్డ కప్పినంక గూడ కొద్దిసేపు అట్లనే ఉన్నది, తరువాత మెల్లగ ఒళ్ళెకు దిగింది.

బయట, చెప్పులు ఇడిసే కాడ బాలమణి ఆయన రెక్క పట్టి గోడకు గుంజింది.

"నీ నోట్ల మన్ను వడ. ఏం చేసినవో ఎరుకేనా నీకు?"

"ఉన్నదే చెప్పిన."

"అవ్వ పొద్దుగాల చెట్టు, డబ్బా రెండూ తీసేసింది. నువ్వు నర్సరీకి పోంగనే. నన్ను గూడ ముట్టనియ్యలే. వచ్చి అయ్యగారికి చెప్పింది. ఇయ్యాల ఇస్తనన్నడాయన. గందుకే ముంగట కూసోవెట్టిన. నువ్వు నిలవడ్డప్పుడు పళ్ళెం మా పక్కామె కాడున్నది."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తె చెట్టుకు కావలి కూసుంటవని అవ్వనే చెప్పొద్దన్నది."

యాదవ్వ మెట్టు మీద కూసున్నది. మనుషులు ఆమెను తప్పించుకొని దిగిపోతున్నరు. దేవరాజును చూసి మొఖం తిప్పుకుంటున్నరు. ఆయన పోయి అవ్వ కాళ్ళకాడ కూసున్నడు. ఆమె సంచి ఇప్పింది. లోపల పాత చీర పేలికల మన్నుతోనే చుట్టిన తులసి. పేలిక తడిగున్నది.

"వేరు తెగకుంట తీసిన, చూడు. గంటెతోని తవ్విన. నీ నర్సరీల పెట్టుకో. గాడ అయితె నీకు బతుకుతెరువు అంటరు, ఎవ్వలేమనరు."

"ఎందుకు తీసినవవ్వా? మూడేండ్లు తీయనిదానివి."

"ఎన్నేండ్లుంట నేను? మీ బాపు పోయే ముందటి దినం ఆ రొట్టె ముక్క తిని పోయిండు. నేను తినకుంట పోతె, ఎందుకు తినలేదే అని అడుగుతడు. చెట్టు కోసం తినలే అని చెప్తె తిడ్తడు." ఆమె పేలికను మళ్ళ చుట్టింది. "చెట్టుకైతె నేను సర్దిచెప్పుకున్న కొడుకా. నీకు సర్దిచెప్పుడు మర్చిపోయిన."

తిట్టినా అయిపోతుండె. ఆమె తిట్టలే. ఆటో ఎక్కేటప్పుడు ఒక్క మాటన్నది. "నా కోసం కొట్లాడిననుకుంటున్నవు. నీ కోపం కోసం కొట్లాడినవు."

దేవరాజు నర్సరీకి పోయిండు. నీడ నెట్టు కింద పెద్ద కుండీ చూసి, ఎర్రమన్ను, పేడ ఎరువు కలిపి తులసిని పెట్టిండు. పక్కన చెక్క పలక మీద లక్కీ బ్యాంబూ గిన్నెలు ఇరవై దాక వరుసగ ఉన్నయి. ఒక్క తన్ను తంతె పోతయి. తన్నలే, ఓనరు జీతంల కోస్తడు. ఆ సంగతి యాదికొచ్చినందుకు ఇంకింత మండింది.

పొద్దు వాలేసరికి పాస్టరు ఇంటికి పోయిండు. చర్చి ఎనకనే ఇల్లు. కృపాకర్ పాస్టరు బనీనుతోని అరుగు మీద కూసొని ఉడుకునీళ్ళు తాగుతుండు.

"సంఘం ముందర క్షమాపణ అడుగాలె నువ్వు" అన్నడు, రమ్మనకముందే.

"అడుగుత. వచ్చే ఆదివారం మైకుల అడుగుత. ఇయ్యాల మాత్రం మా అవ్వకు రొట్టె ఇంటికి తీస్కరాండ్రి. మంచంల వడ్డోళ్ళకు తీస్కపోతరు గద."

"యాదవ్వ మంచంల వడలేదు గద."

"వడేదాక ఆగుదమా?"

పాస్టరు గ్లాసు కింద పెట్టిండు. "నిజంగ నువ్వే అల్లినవా అదంత?"

"నిలవడ్డకాడ."

"నేను రెండు దినాలు కూసొని రాసుకున్న దాని మీద." ఆయన నవ్వబోయి దగ్గిండు. "అయినా తప్పేమున్నది దేవరాజూ. ఎవరి నోట వచ్చినా మంచి గుర్తు మంచి గుర్తే. మనుషులకు యాదుంటది."

"అట్లయితె తులసికి గూడ ఒక గుర్తు చెప్పకపోతిరి. మీకు రాకపోతె నన్నడిగితె అయిపోతుండె. ఐదు నిమిషాలల్ల చెప్తుంటి. తెంపితె వాసనొస్తది, నలిపితె మందయితది, ఎవలింటి దగ్గుకైనా పనికొస్తది. గంతకంటె ఏం కావాలె మీకు?"

పాస్టరు లోపలికి పోయి అంగీ తొడుక్కున్నడు.

దీపాలు పెట్టే యాళ్ళకు స్కూటరు మీద వచ్చిండు, చిన్న పెట్టె చంకల పెట్టుకొని. బాలమణి కుర్చీ వేసింది. యాదవ్వ చేతులు కడుక్కొని, కొంగు నెత్తి మీదికి గుంజుకొని చాప మీద కూసున్నది. పాస్టరు ప్రార్థన చేసి ముక్క విరిచి ఇచ్చిండు. ఆమె రెండు చేతులతోని పట్టుకున్నది. నమలకుంట నోట్ల చాన సేపు పెట్టుకున్నది. దేవరాజు గడప అవతల నిలవడి చూసిండు. మూడేండ్ల పనికి రెండు నిమిషాలు గూడ పట్టలే.

లేవబోంగ పాస్టరుకు దగ్గొచ్చింది. వంగిపోయి దగ్గిండు. కండ్లల్ల నీళ్ళొచ్చినయి.

"అయ్యో, గదేం దగ్గు. ఉండయ్యా, నాలుగాకులు తెంపుకొస్త, బాలమణి ఉడుకవెడ్తది" అనుకుంట యాదవ్వ గడప దాటింది. అలవాటు చొప్పున గోడ వారకు వంగి చెయ్యి చాపింది.

ఆడ ఏం లేదు. పెయింటు డబ్బా ఉన్న జాగల నేల మీద గుండ్రటి మరక. చుట్టూ పొడి, నడుమ తడి. ఆమె చెయ్యి గాలిల్నే ఆగింది. పొద్దుగాల చర్చిల ఆగినట్టే ఆగింది.

పాస్టరు గడపల నిలవడి అది చూసిండు.

"హాలుల ఉన్నది గద అయ్యగారూ" అన్నడు దేవరాజు. "దాని గిన్నెల ఉన్న నీళ్ళు తాగుండ్రి. రక్తం గుర్తు కట్టింది. దగ్గు పోతది."

"నోరు మూసుకోరా" అన్నది యాదవ్వ. నడుం మీద చెయ్యేసుకొని లేసింది. "అయ్యా, వీని మాటలు పట్టుకోకు. రేపు పొద్దుగాల నర్సరీకెల్లి పంపిస్త." కొడుకు దిక్కు తిరిగింది. "తెంపి ఇంటికిచ్చి రా. ఎరుకయిందా?"

తెల్లారి దేవరాజు తులసి కాడికి పోయిండు. వడలిపోలేదు, తల నిలవెట్టింది. రెమ్మకు రెమ్మ విరిచి గుప్పెడు చేసిండు. పలక కింద రిబ్బను చుట్ట ఉన్నది. జానెడు కత్తిరించి, ఆకుల కట్టకు రెండు చుట్లు తిప్పి, ముందుకు ముడేసిండు. పాస్టరు ఇంటికి పోయి చేతులనే పెట్టిండు. పాస్టరు రిబ్బను చూసిండు, ఈయన ముఖం చూసిండు. రిబ్బను ఇప్పలే. కట్టతోనే లోపలికి పోయిండు.

పొద్దుగూకి ఇంటికొచ్చేసరికి యాదవ్వ ఆ మరక మీద పీట వేసుకొని కూసున్నది.

"ఇచ్చినవా?"

"ఇచ్చిన."

"ఏమన్నడు?"

"ఏమన్లే."

"మంచిగిచ్చినవా, ముఖం గుంజుకొని ఇచ్చినవా?"

దేవరాజు చెప్పులు ఇడిసి, కాళ్ళ మీద నీళ్ళు పోసుకున్నడు. బాపు చేతి డబ్బా ఉన్న దిక్కు నీళ్ళు పోకుంట ఇవతలికి జరిగి పోసుకున్నడు.

"బువ్వ తిన్నవా అవ్వా?" అన్నడు.